బాగుందన్న మాటకు వెనకవైపు

ఎవరైనా బాగుందంటే నాకు మొదట వాళ్ళ మొహం చూడాలనిపిస్తుంది. ఆ తర్వాత, నా దగ్గర వాళ్ళకు ఏం పని పడిందో తెలుసుకోవాలనిపిస్తుంది. ఇది నాకు పుట్టుకతో వచ్చింది. మా నాయన మగ్గం నేసినవాడు. ఏ చీర చేతికిచ్చినా ముందువైపు చూడడు, తిరగేసి వెనకవైపు చూస్తాడు. పోగులు ఎక్కడ తెగాయో, ఎక్కడ ముడేశారో అక్కడే తెలుస్తుందంటాడు. నేను మనుషులను కూడా అలాగే తిరగేసి చూస్తూ పెరిగాను. చాలదన్నట్టు తిరువళ్ళూరులో నాకు దొరికిన ఉద్యోగం, వచ్చిన సర్టిఫికెట్లు అసలైనవా నకిలీవా అని సరిచూసే పని. అసలే కోతి, ఆపైన కల్లు తాగింది అన్నట్టయింది. నాకు పెళ్ళి కాకపోవడానికి కారణం కూడా ఈ గుణమేనని మా బంధువులు అంటారు. చూడవచ్చిన ప్రతివాణ్ణీ నేను వెలుతురులో పెట్టి చూశానట. చూశాను, అబద్ధమెందుకు.

అలాంటిదాన్ని నలభై దాటాక ఫిడేలు నేర్చుకోవడానికి బయల్దేరాను. చిన్నప్పుడు మా మగ్గం గుంట పక్కన గూట్లో ఒక రేడియో ఉండేది. పొద్దున పూట అందులో ఫిడేలు వస్తే నాయన మగ్గం ఆపేవాడు. అన్నానికి పిలిచినా అంత తేలిగ్గా ఆపేవాడు కాదు. ఆ వాద్యంలో ఏముందో తెలుసుకోవాలని నాకు అప్పట్నుంచీ ఉంది. తీరిక దొరికేసరికి అమ్మ పోయింది, మగ్గం అమ్మేశాం, నాయన నాతో తిరువళ్ళూరు వచ్చేశాడు. మగ్గం సామాన్లలో ఆయన వెంట తెచ్చుకున్నది కుంచె ఒక్కటే. వీధిలో నిలువు పోగుల పడుగు సాగదీసి కట్టి, పోగులు తెగకుండా గంజి పట్టించి దువ్వే కుంచె అది. ఇప్పుడు దాన్ని వరండా గోడకు తగిలించి, రోజూ దుమ్ము దులిపి మళ్ళీ తగిలిస్తాడు. చేతికి పని లేకపోతే ఆయనకు తోచదు. ఇంట్లో తలుపు కీచుమన్నా, సైకిలు చైను గరగరలాడినా ఊరుకోడు.

క్లాసు తిరుత్తణిలో, కొండ కింద వీధిలో టీచరమ్మ ఇంట్లో. ఆదివారం పొద్దున పెద్దవాళ్ళకు చెప్తుంది. ఆమె పాఠం అరవంలో, తిట్టడం మాత్రం తెలుగులో. ఆమెది ఒక పద్ధతి. మమ్మల్ని ఇద్దరిద్దరుగా జోడీ కడుతుంది. ఒకరు వాయిస్తే రెండోవాళ్ళు వినాలి. విని, మొదట బాగున్నదేదో చెప్పాలి, తర్వాత సరిదిద్దుకోవలసింది ఒక్కటి చెప్పాలి. ఈ వరస తప్పకూడదు. ముందే తప్పు చెప్తే చేతికి భయం పడుతుంది, భయపడిన చెయ్యి తీగను నొక్కేస్తుంది అని ఆమె లెక్క.

నాకు జోడీగా వచ్చింది పూండి దగ్గర పల్లెనుంచి తిరువళ్ళూరుకు కోడలుగా వచ్చిన అమ్మాయి. ముప్పై ఏళ్ళుంటాయి. మొగుడికి కంపెనీలో షిఫ్టు పని, ఇంట్లో అత్త. నడుం దాటే జడ, ఆ జడకు ధారాళంగా కొబ్బరి నూనె. ఇద్దరం తిరువళ్ళూరులో ఒకే లోకల్ ఎక్కేవాళ్ళం. ఆమె ముందే వచ్చి, ఎలాగో ఎగబడి, నాకు కూడా సీటు పట్టేది. నాకోసం సీటు పట్టేవాళ్ళు నా జీవితంలో అంతకుముందు లేరు. కాబట్టి అనుమానం అక్కడే మొదలైంది.

ఇక ఆమె మెచ్చుకోవడం. నేను సరళీ వరసలు గీకుతున్న రోజుల్లోనే “సూపర్ అక్కా” అనేది. నా కమాను తీగమీద వణికితే “ఆ వణుకులో కూడా ఒక అందం ఉండాదక్కా” అనేది. సరిదిద్దుకోవలసింది చెప్పవే అంటే, “ఇంకొంచెం ధైర్యంగా వాయించండక్కా, అంతే” అనేది. ప్రతి వారం అదే. ధైర్యం తప్ప నాలో ఇంకే లోపమూ లేదన్నమాట! వాట్సాప్ గ్రూపులో నేను అభ్యాసం రికార్డు చేసి పెడితే, పూర్తిగా వినడానికి పట్టే సమయం కూడా గడవకముందే ఆమె చప్పట్లు వచ్చి పడేవి.

నేను మాత్రం టీచరమ్మ చెప్పిన మొదటి భాగం వదిలేసి, రెండో భాగంతో మొదలుపెట్టేదాన్ని. “కమాను బ్రిడ్జి దగ్గర నిలవడంలే, మెడవైపు జారిపోతా ఉండాది. అందుకే నీ నాదం బొంగురుగా ఉండేది. మోచెయ్యి ఎత్తి వాయిస్తా ఉండావు, నీళ్ళు తోడినట్టు” అనేదాన్ని. ఆమె “సరేక్కా” అని, తర్వాత ఆదివారం దాన్ని దిద్దుకుని వచ్చేది. ఒక్కసారైనా మొహం ముడుచుకోలేదు. తిట్టినా నొచ్చుకోని మనిషిని నమ్మవచ్చా? నేను నమ్మలేదు.

అదే సమయంలో నా వాయింపులో ఏదో తేడా ఉందని నాకే తెలుస్తోంది. ఏమిటో అందడం లేదు. వాయిస్తున్నప్పుడు అంతా సరిగ్గానే ఉన్నట్టుండేది. ఫోన్లో వింటే పై స్థాయిలో ఎక్కడో పులిసినట్టు వినబడేది. అది నా వేలి తప్పా, ఫోను తప్పా? అడుగుదామంటే జోడీ చప్పట్లు కొడుతుంది. టీచరమ్మ అందర్నీ కలిపి వాయించమనేది, ఆ గుంపులో ఎవరి పులుపు ఎవరిదో తేలదు.

ఏడాది గడిచాక టీచరమ్మ ఒక మాట చెప్పింది. ఏటా అరవ ఆడి నెలలో కొండమీది స్వామికి జరిగే ఆడి కృత్తిక పండక్కి, కొండ కింద మండపంలో ఆమె దగ్గర నేర్చుకునే పిల్లలు వాయిస్తారు. ఈసారి పెద్దవాళ్ళ క్లాసు నుంచి ఒక్కరు ముందు కూర్చుని మోహన వర్ణం ఒంటరిగా వాయించాలి, మిగిలినవాళ్ళు వెనక వరసలో. ఆడి నెల మొదటి ఆదివారం అందరి చేతా వాయించి ఆ ఒక్కర్నీ ఎంచుతానంది.

ఆ ముందు సీటు నాకు కావాలి. ఎంత కావాలంటే, ఆ వారమంతా ఆఫీసులో నకిలీలు కూడా చూసీ చూడకుండా వదిలేశానేమోనని ఇప్పటికీ భయం. నాయనను తీసుకుపోయి ముందు వరసలో కూర్చోబెట్టాలి. ఆయన నా జీవితంలో నేను చేసినదాన్ని ఒక్కసారి కూడా బాగుందనలేదు. పదో క్లాసులో బడికే మొదట వచ్చానని చెప్తే “సరే” అన్నాడు. ఉద్యోగం వచ్చిందంటే “సరే” అన్నాడు. ఆయన బాగుందంటే అది వెనకవైపు కూడా చూసి అన్న మాట. ప్రపంచంలో నేను నమ్మదగ్గ బాగుంది అదొక్కటే. అందుకే ఇంట్లో తలుపు మూసుకుని అభ్యాసం చేసేదాన్ని. సగం నేసిన గుడ్డ ఆయనకు చూపించడం నాకిష్టం లేదు.

అయినా తలుపు సందులోంచి ఆయనకు వినబడేది. “ఏంది పాపా, గీరుతా ఉండాదే” అన్నాడొకరోజు. మండిపోయింది. “నేర్చుకునేటప్పుడు గీరకుండా ఉంటాదా నాయనా?” అని తలుపు ఇంకా గట్టిగా వేశాను.

ఎంపిక రోజు రైలు కిటకిటలాడింది. ఆడి నెల కదా, పసుపు బట్టలు, కావడులు, నెమలి ఈకలు, పాలచెంబులు. ఆమెకు ఎలాగో ఒక్క సీటు దొరికింది. నన్ను కూర్చోమంది, నేను వద్దన్నాను. “అయితే పెట్టె అన్నా ఇయ్యండక్కా, ఈ గుంపులో నలిగిపోతాది” అని నా ఫిడేలు పెట్టె కూడా తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. నేను తలుపు దగ్గర నిలబడి, తిరువలంగాడు, అరక్కోణం దాటేదాకా మనసులో వర్ణం వాయించుకుంటూ పోయాను. ఆమె వైపు చూడలేదు.

క్లాసులో మొదట నన్నే పిలిచింది టీచరమ్మ. కూర్చుని, శ్రుతి సరిచూసి, కమాను తీగమీద పెట్టి లాగాను. నాదం రాలేదు. గీరడం కూడా కాదు, ఏమీ లేదు. కమాను తీగను పట్టుకోకుండా జారిపోయింది. నొక్కి లాగితే ఉస్సుమంది. వెంట్రుకలు జారకుండా రుద్దే రోజిన్ బిళ్ళ తీసి గబగబా రుద్దాను. అది ముద్దముద్దగా అతుక్కుంది తప్ప పట్టు రాలేదు. కమానును మొహం దగ్గరికి తెచ్చుకున్నాను. కొబ్బరి నూనె వాసన.

నేను తల తిప్పి ఆమె జడ వైపు చూశాను.

సర్టిఫికెట్ సరిచూసేటప్పుడు మూడు చూడమని మాకు నేర్పారు. ఎవరికి లాభం, ఎవరి చేతిలో ఉండింది, ఏం ఆనవాలు మిగిలింది. లాభం ముందు సీటు. చేతిలో ఉండింది తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా ఆమె ఒళ్ళో. ఆనవాలు నా ముక్కు కిందే ఉంది. ఏడాదిగా చప్పట్లు ఎందుకు కొట్టిందో ఒక్క క్షణంలో తెలిసిపోయింది. నా తప్పు నాకు తెలియకుండా చేసింది, చివరికి ఇలా దెబ్బ కొట్టింది. దేశంలో అందరి ఇళ్ళలోనూ కొబ్బరి నూనె ఉంటుందన్న సంగతి ఆ నిమిషంలో నాకు గుర్తు రాలేదు.

“ఏమైందక్కా?” అంది ఆమె, ఏమీ ఎరగనట్టు.

“కమాను పలకలా.”

“నాది తీసుకోండక్కా” అని తన కమాను చేతిలో పెట్టింది. దీని వెనక ఏముందా అని చూశాను. ఆమె కమాను నా కమానుకంటే బరువు. అలవాటు లేని కమానుతో నేను తడబడాలనే కదా ఇస్తోంది? ఇవ్వకపోతే తప్పు బయటపడుతుంది, ఇస్తే మంచిపేరూ వస్తుంది, నా పనీ అవుతుంది. అంతా అర్థమవుతూనే ఉంది, అయినా వేరే దారి లేక అదే కమానుతో వాయించాను. పైకి పోయినప్పుడల్లా టీచరమ్మ కనుబొమలు కొంచెం లేచాయి. తర్వాత అదే కమానుతో ఆమె వాయించింది. మోచెయ్యి దిగింది, కమాను బ్రిడ్జి దగ్గరే నిలిచింది, నాదం నిండుగా వచ్చింది. నేను తిట్టిన ప్రతి తప్పునూ వెతికాను, ఒక్కటీ దొరకలేదు.

“ఇంద పొణ్ణే వాసిక్కట్టుం” అంది టీచరమ్మ. ఈ అమ్మాయే వాయిస్తుందని.

తిరుగు రైలులో ఆమె నాకు సీటు పట్టింది. నేను కూర్చోలేదు. నిలబడే అడిగాను. “నా కమానుకు నూనె ఎవరు పూసినారు?”

“నూనెనా? కమానుకు నూనె యాడ్నించి వస్తాదక్కా?”

“నీ జడనడుగు” అన్నాను. “వచ్చే వారం నుంచి నాకు సీటు పట్టబల్లేదు. నేను వేరే రైలుకు పోతాను.”

ఆమె వీపు మీది జడను ముందుకు లాక్కుని పైట కింద దాచుకుంది, అంతే. తిరువళ్ళూరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఆ జడ దాచుకోవడం నా కంట్లో నలుసులా పడి, ఎంత నలిపినా పోలేదు.

తర్వాతి ఆదివారం నేను ముందు రైలుకు పోయాను. ఆమె క్లాసుకు రాలేదు. గ్రూపులో మెసేజ్ పెట్టింది, ఇంట్లో పనుంది, కొన్ని వారాలు రావడానికి కాదు, ముందు సీటు వేరే ఎవరికైనా ఇవ్వండి అని. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందే అనుకున్నాను. టీచరమ్మ నా వైపు చూసి, “వచ్చే వారం కూడా రాకపోతే నువ్వే వాయించు. నీ జోడీ కదా” అంది. సంతోషించాను. దాచుకోవడమెందుకు, రైలులో కిటికీ పక్కన కూర్చుని నవ్వుకుంటూ వచ్చాను. సీటు నేనే పట్టుకున్నాను.

మర్నాడే సెలవు పెట్టి చెన్నై పోయి కమానుకు కొత్త వెంట్రుకలు కట్టించుకొచ్చాను. రోజిన్ బాగా పట్టించి, తెల్లటి పొడి రాలేటట్టు చేసి, పెట్టెలో పెట్టాను. ఇక దాన్ని ఎవరి ఒళ్ళోనూ పెట్టేది లేదనుకున్నాను.

రెండు మూడు రోజులకు ఆఫీసులో కరెంటు పోయి, మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాను. వరండాలో నాయన రెండు ముక్కాలి పీటలు ఎదురెదురుగా వేసుకుని కూర్చున్నాడు. వాటి మధ్య, ఆ కొసా ఈ కొసా ఆనించి, నా కమాను ఉంది. వీధిలో పడుగు సాగదీసినట్టే. గోడమీది కుంచె ఆయన చేతిలో ఉంది. పక్కన చిన్న గిన్నెలో కొబ్బరి నూనె. తెల్ల పొడినంతా కుంచెతో నెమ్మదిగా దువ్వి రాల్చేసి, వేలికి నూనె అద్దుకుని వెంట్రుకల పొడుగునా రాస్తున్నాడు. ఎంత శ్రద్ధగా రాస్తున్నాడంటే నేను గేటు తీసిన చప్పుడు కూడా వినలేదు.

“ఏం చేస్తా ఉండావు నాయనా?”

“చూడు పాపా, గంజంతా ఎండిపోయి పొడిపొడిగా రాలిపోతా ఉండాది. ఇట్లుంటే పోగులు తెగిపోవా? నువ్వా, చూసుకోవు.” ఆయన కమాను మీది చెయ్యి తీయలేదు. “పోయిన తూరి ఒక పోగు తెగి వేలాడతా ఉండె. నేనే సరిచేసి, కొంచెం నూనె పట్టించినా.”

“పోయిన తూరి అంటే ఎప్పుడు?”

“అదే, ఎవర్నో ఎంచతారంటివే, దానికి ముందురోజు. నువ్వు రాత్రి పండుకున్నాక. రోజూ తలుపు సందులోంచి వింటా ఉండానే, గీరతా ఉండాది, గీరతా ఉండాది. బిడ్డ నలుగురిలో కూర్చుని వాయించబోతా ఉండాది, పడుగు ఎండుగా ఉంటే ఎట్లా అని...”

నేను మెట్టు మీద కూర్చున్నాను. పెట్టె రైలు ఎక్కకముందే కమానుకు నూనె అంటింది. ఆమె మోసింది నూనె పూసిన కమానునే. నోట్లోంచి కోపం వచ్చేదే. వద్దు నాయనా, దీనికి గరుకే ప్రాణం, నువ్వు నా పరీక్ష పాడుచేశావు అని చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

“పూసినాక బాగా పలికింది కదా?” అన్నాడు.

అలా అని, తల ఎత్తి నా మొహం చూశాడు. చీరల్ని తిరగేసే ఆ మనిషి, ఎవరి మెప్పూ అడగని ఆ మనిషి, నూనె చేతులతో నా నోటి నుంచి ఒక్క మాట కోసం ఎదురు చూస్తున్నాడు.

“బాగా పలికింది నాయనా” అన్నాను.

“సరే” అని మళ్ళీ పనిలో పడ్డాడు. ఆయన మొహంలో వెలుగు చూసి నాకు ఏడుపొచ్చింది. అంతలోనే ఇంకొకటి తెలిసింది. నేనన్న ఆ మాట గొంతు నాకు బాగా తెలిసిన గొంతు. ఏడాదిగా ప్రతి ఆదివారం వింటున్నదే. “సూపర్ అక్కా” అన్నది సరిగ్గా ఇదే గొంతుతో. అంటే ఆమె అన్నది కూడా అబద్ధమే. అబద్ధం అని నేను పసిగట్టింది నిజం, ఎందుకన్నదే నాకు తెలియలేదు.

నోరు మూసుకుంటే ముందు సీటు నాదే. నాయన పూశాడని ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. కాఫీ కలుపుకుంటూ ఆ ఆలోచన కూడా చేశాను. కానీ పైట కింద దాచుకున్న ఆ జడ కళ్ళముందు నుంచి కదలలేదు. కాఫీ తాగకుండానే వాళ్ళ ఇంటికి బయల్దేరాను.

వాకిట్లో ఆమె అత్త మునగాకు దూస్తూ కూర్చుంది. నన్ను చూడగానే, “ఏమమ్మా, నువ్వు మానేసినావంట కద” అంది. “నువ్వుంటే ఆ రైల్లో పంపతా, ఒక్కదాన్నే అయితే పంపనని మొదట్నే చెప్పినా. ఆడి కృత్తిక గుంపులో, ఆ పెట్టె మోసుకోని, ఒక్కతే పోతానంటే ఎట్ల?”

నాకు సీటు ఎందుకు పట్టేదో అప్పుడు తెలిసింది. “నేను మానలేదు పెద్దమ్మా” అన్నాను. “ఒక వారం రైలు మారింది, అంతే. ఆదివారం పంపించండి, నేనే వచ్చి పిల్చుకోని పోతా.”

లోపలినుంచి ఆమె వచ్చి గడపలో నిలబడింది. నా మొహంలోకి చూడలేదు. “నూనె మా నాయన పూసినాడు” అన్నాను. కుంచె, పీటలు, పడుగు అంతా చెప్పాను. “నీ జడను అన్నది తప్పు.” ఆమె “పెద్దాయనకు ఏం చెప్పినారక్కా?” అంది.

“బాగా పలికిందని చెప్పినా.”

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆదివారం లోకల్‌లో పక్కపక్కనే కూర్చున్నాం. కమానుకు మళ్ళీ కొత్త వెంట్రుకలు, పెట్టెకు కొత్త తాళం. పొద్దున నాయన ఆ తాళం చూసి, “ఎందుకు పాపా?” అన్నాడు. రైల్లో దొంగలు నాయనా అన్నాను. “మంచిదే. నువ్వు అంటా ఉంటివే, ఆ జడ పిల్ల మీద కూడా ఒక కన్నేసి పెట్టు” అన్నాడు. నా గుణం ఎక్కడిదో తెలిసిందనుకుంటాను.

కడంబత్తూరు దాటాక అడిగాను. “ఇప్పుడు నిజం చెప్పు. నా వాయింపు ఎట్లుండాది?”

ఆమె కిటికీ వైపు చూసింది. “పై షడ్జం, అక్కా. ఒక్క తూరి కూడా సరిగ్గా పడలా.”

“ఒక్క తూరి కూడానా?”

“మూడో వేలు కొంచెం కిందనే నిలిచిపోతాది. మొదట్నుంచీ.”

“ఏడాదిగా తెలిసి కూడా సూపర్ అంటా వచ్చినావా?”

“మొదటి నెలలోనే మానేస్తానంటిరే, గుర్తుందా? మీరు మానేస్తే నాకూ నిలిచిపోతాది కదక్కా. తప్పు చెప్తే యాడ మానేస్తారోనని భయం.” తర్వాత మెల్లిగా, “మీరు తిట్టిందే నాకు పనికొచ్చింది. నేను మెచ్చుకున్నది మీకేం పనికిరాలా” అంది.

మాటలో ఏదో పని దాగుందని ఏడాదిగా నేననుకున్నది నిజమే. అనుకున్నదే అయినందుకు రావలసిన ఆనందం మాత్రం రాలేదు. ఆ పని నా సీటు లాక్కోవడం కాదు, నన్ను రైలు దిగనివ్వకపోవడం. దానికి కోప్పడాలో, ఏం చెయ్యాలో తెలియక తిరువలంగాడు దాకా తాళంచెవి చేతిలో తిప్పుతూ కూర్చున్నాను. ఆ తర్వాత తాళం తీసి, ఫిడేలు ఒళ్ళో పెట్టుకుని, పై తీగమీద మూడో వేలు ఉంచాను. “యాడ పెట్టాలో చూపించు.”

ఆమె నా వేలు పట్టుకుని పోగంత పైకి జరిపింది. “ఈడ. సరిగ్గా పడితే కింది షడ్జం తీగ దానంతటదే మోగతాదక్కా. మోగకుంటే తప్పు. ఎవర్నీ అడగబల్లేదు.”

ఎవర్నీ అడగనక్కర్లేదట! నాలాంటిదానికి ఇంతకంటే ఏం కావాలి? క్లాసులో అందరూ రాకముందే కూర్చుని వాయించాను. రెండుసార్లు కింది తీగ మూగగా ఉంది. వేలు ఇంకో వెంట్రుకవాసి జరిపాను. కమాను ముట్టని ఆ తీగ సన్నగా మోగింది. కమాను ఎత్తేశాక కూడా మోగుతూనే ఉంది. నేను భయపడి చెయ్యి తీసేశాను, తర్వాత మళ్ళీ పెట్టాను.

ఆడి కృత్తిక రోజు కొండంతా “అరోహరా” అనే అరుపులు. మండపంలో నాయన ముందు వరసలో, భుజాన తుండుతో కూర్చున్నాడు. ఆమె ముందు, నేను వెనక వరసలో. మేమంతా కలిసి చిన్న కీర్తనలు వాయించాక ఆమె ఒంటరిగా వర్ణం ఎత్తుకుంది. వెనకనుంచి నాకు ఆమె జడ, వీపు, దిగిన మోచెయ్యి కనిపిస్తున్నాయి. ముందువైపు జనానికి, వెనకవైపు నాకు. తప్పు కోసం వెతికాను, అలవాటు పోదు కదా. పై షడ్జం దగ్గర నా ఒళ్ళోని ఫిడేలు మీద, ఎవరూ ముట్టని తీగ సన్నగా అదిరింది.

చప్పట్లు అయ్యాక నాయన తుండు దులుపుకుంటూ “సరే” అన్నట్టు తల ఊపాడు. ఆమె మాత్రం జనం వైపు చూడకుండా వెనక్కి తిరిగి నా వైపు చూసింది. జోడీ కదా, మొదట నేనే చెప్పాలి.

“బాగుంది” అన్నాను. రెండో భాగం చెప్పలేదు.

ఆమె కళ్ళు చిన్నవి చేసి నన్ను అటూ ఇటూ తిప్పినట్టు చూసింది. “నిజంగానా అక్కా? లేకుంటే రైలుకు తోడు కావల్లనా?”

“రెండూ” అన్నాను.